నాలుగువందల పన్నెండు వాసనలు

మా హైమావతి అత్తయ్యకు వాసన తెలియడం లేదన్న సంగతి గ్యాసు లీకైన రోజున బయటపడింది.

అత్తయ్య గుంటూరు కొత్తపేటలో నర్సింగు కాలేజీ అమ్మాయిలకు మెస్సు నడిపేది. ఆ ఉదయం పప్పు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. అత్తయ్య ఆ పక్కనే పీట వేసుకుని వంకాయలు తరగడం ముగించి, పోపు వేద్దామని లేచి లైటరు చేతిలోకి తీసుకుంది. స్నానం చేసి వస్తున్న పిచ్చేశ్వరరావు మామయ్య గుమ్మంలోనే ఆ వాసన పట్టాడు. తడి తువ్వాలుతోనే పరుగెత్తి, లైటరు లాక్కుని పెరట్లోకి విసిరేశాడు.

"ముక్కేమయిందే నీకు?" అని అరిచాడట.

అత్తయ్య వెళ్ళి వీధి మెట్ల మీద కూర్చుంది. మామయ్య కిటికీలన్నీ తెరిచి, సిలిండరు కట్టేసి, ఆమె పక్కన చేరాక అప్పుడు చెప్పింది. చలికాలంలో వచ్చిన జ్వరం తగ్గినా వాసన తిరిగి రాలేదనీ, నాలుగు నెలలుగా ఆవాల చిటపట విని, ఉల్లిపాయల రంగు చూసి వండుతున్నాననీ.

"నాకెందుకు చెప్పలేదు?"

"వాసన తెలియని మనిషి వండితే ఎవరు తింటారండీ?"

ఇదంతా మర్నాడు మామయ్య నాకు ఫోనులో చెప్పాడు. నేను, తనూజను, అత్తయ్య తమ్ముడి కూతుర్ని. ఇంటర్ చదివిన రెండేళ్ళూ ఆ ఇంట్లోనే ఉన్నాను. అప్పటికి విశాఖపట్నంలో, రుషికొండ మీద ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. మేం అక్కడ వాసనలతో ఆడే ఆట ఒకటి తయారు చేస్తున్నాం. మామయ్యకు ఆ ఆట సంగతి తెలుసు. అందుకే డాక్టర్లు "వస్తే వస్తుంది, లేకపోతే లేదు" అని చెప్పి పంపగానే నాకు ఫోను చేశాడు.

"అది మందు కాదు మామయ్యా. ఆట," అన్నాను.

"ఆటే కానీ. మీ అత్తయ్య నవ్వి చాలా రోజులైంది."

ఆ ఆట పేరు 'వాసన వేట'. నుదుటి నుంచి ముక్కు దూలం దాకా ఆనుకునే ఒక మెత్తని పట్టీ, ట్యాబులో సుగంధిపురం అనే బొమ్మల ఊరు. ఆ ఊళ్ళో ఎప్పుడూ ఏదో ఒక దొంగతనం జరుగుతుంది. వాసన పట్టుకుంటూ సందుల వెంట పోయి దొంగను పట్టుకోవాలి. పట్టీ ముక్కు వెనక నరాలను సన్నని కరెంటుతో మీటుతుంది. ఏ తీరున మీటితే ఏ వాసన అనిపిస్తుందన్నది మాత్రం ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది. కాబట్టి ముందు ఆట మనిషిని నేర్చుకోవాలి, మనిషి ఆటకు నేర్పాలి.

వాళ్ళ ముప్పయ్యో పెళ్ళిరోజున మామయ్య దాన్ని కొన్నాడు. నేను పట్టీ తీసుకుని గుంటూరు వెళ్ళాను. ట్యాబులో ఎర్రగా 'కొనండి' అని బటను వచ్చినప్పుడు మామయ్య వేలు దాని మీద పెట్టబోయి ఆగాడు.

"ఇక ఇది మనదేగా? మళ్ళీ ఎవరూ వెనక్కి అడగరుగా?"

"మీదే మామయ్యా," అన్నాను. బటను కింద ఎనభై ఒక్క పేజీల నియమాలు ఉన్నాయి. ఆ ఆట చేసిన దాన్నయి ఉండీ నేను వాటిని చదవలేదు.

మొదటి రోజు పట్టీ పెట్టి కాఫీ వాసనకు మీటాను. అత్తయ్య కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించింది.

"ఏదో ఉందే. కాని కాఫీ కాదు. కొబ్బరిచిప్ప కాలినట్టుంది."

కొంచెం మార్చాను.

"ఇప్పుడు తడిసిన గోనెసంచి."

"ఇప్పుడు?"

"ఆగు, ఆగు. దగ్గరికొచ్చింది. కాఫీయే, కాని ఎవరో నిన్న కాచి మర్చిపోయిన కాఫీ."

మామయ్య పగలబడి నవ్వాడు. అత్తయ్య కూడా నవ్వింది. ఆ తర్వాత నేను విశాఖ నుంచే రోజూ సరిచేస్తూ వచ్చాను. పదకొండో రోజు ఉదయం ఫోను మోగింది. అత్తయ్య మాట్లాడలేకపోతోంది. మామయ్య అందుకుని, "ఇంగువ, తనూ! ఇంగువ తెలిసిందట!" అన్నాడు.

అలా ఒక్కొక్కటే కలుపుకుంటూ ఏడాదిన్నరలో నాలుగువందల పన్నెండు వాసనలు పూర్తయ్యాయి. మా ఆటలో ఉన్నవి అన్నే. అన్నిటినీ సాధించినవాళ్ళు దేశం మొత్తం మీద పదిహేడుమంది. వాళ్ళలో అత్తయ్య ఒకరు. మధ్యాహ్నం మెస్సు పని అయ్యాక ఇద్దరూ సుగంధిపురం వెళ్ళేవాళ్ళు. అత్తయ్య డిటెక్టివు, మామయ్య కానిస్టేబులు. ఆయనకు పట్టీ లేదు, ఆధారాలు పైకి చదవడమే ఆయన డ్యూటీ. "ఎడమ సందు చూడు హైమా, జీడిపప్పు అటేగా పోయింది," అంటే, "మీరు ఊరుకోండి, అది దొంగ కావాలని చల్లినది," అనేది అత్తయ్య.

అసలు మేలు చేసింది ఆటలోని ఆఖరి మెట్టు. అక్కడికొచ్చాక ఆట ట్యాబు వదిలి మన వీధిలోకి వస్తుంది. పట్టీ అంచున ఉన్న చిన్న పరికరం నిజమైన గాలిని పీల్చి, అదేమిటో మా సర్వరును అడుగుతుంది. ఎలా మీటితే అత్తయ్యకు ఏ వాసన తెలుస్తుందో గుర్తుపెట్టుకున్న పటం ఒకటి సర్వరులో ఉంటుంది. సర్వరు ఆ పటం చూసి, ఆమె నరాలను ఎలా మీటాలో తిరిగి చెబుతుంది. రెప్పపాటులో జరిగిపోతుంది. దాంతో అత్తయ్య పట్టీ పెట్టుకుని వంట మొదలుపెట్టింది. నర్సింగు అమ్మాయిలు ఆమెను 'డిటెక్టివు ఆంటీ' అనేవాళ్ళు. సాంబారులో కొత్తిమీర పడిందో లేదో వీధి గుమ్మం నుంచే చెప్పేది.

పట్టీ కొని రెండున్నరేళ్ళు అయింది. అప్పుడు మా కంపెనీని ఒక పెద్ద కంపెనీ కొన్నది.

వాళ్ళకు కావలసింది ఆట కాదు, పట్టీ వెనక ఉన్న పద్ధతి. అంగట్లో సబ్బుల ప్రకటన చూస్తుంటే సబ్బు వాసన రావాలి, అదీ వాళ్ళ ఆలోచన. ఆడేవాళ్ళు తక్కువ, సర్వరు నడపడం దండగ అన్నారు. మామయ్య ట్యాబులోకి ఉత్తరం వచ్చింది. 'ప్రియమైన ఆటగాడు పిచ్చేశ్వరరావు గారికి, మీ వినియోగ అనుమతి ముప్పై రోజుల్లో ముగుస్తుంది. ఇన్నాళ్ళు మాతో ఆడినందుకు కృతజ్ఞతలు.' దానికి బదులుగా ఒక క్రికెట్ ఆట ఉచితంగా ఇస్తామని కింద రాసి ఉంది.

నేను ఆ రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి గుంటూరులో దిగాను. మామయ్య ట్యాబు ఒళ్ళో పెట్టుకుని వసారాలో కూర్చుని ఉన్నాడు.

"అనుమతి ఏమిటమ్మాయ్? నేను కొన్నాను కదా. కొనండి అంటేనే కదా నొక్కాను."

రైల్లో ఆ ఎనభై ఒక్క పేజీలూ చదివాను. చెప్పక తప్పలేదు.

"మీరు కొన్నది బస్సు కాదు మామయ్యా. టికెట్టు."

ముప్పై నాలుగేళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేసిన మనిషి. ఆ మాటకు ఆయన మొహం ఎర్రబడింది.

"టికెట్టయితే ఎక్కడిదాకా అని రాసి ఉండాలి కదా! స్టేజీ పేరు లేకుండా టికెట్టు కొట్టిన కండక్టర్ని మా డిపోలో సస్పెండు చేసేవాళ్ళు. కొనండి అని కేకేసి ఎక్కించుకుని, నడిమధ్య దిగమంటే దాన్ని ఏమంటారు?"

'మీదే మామయ్యా' అన్నది నేనే. ఆయన ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండును అనిపించింది. నియమాల ప్రకారం ఆ టికెట్టు కూడా మామయ్య ఒక్కడిదే. అత్తయ్య ఆడటమే తప్పట. అది మాత్రం చెప్పలేదు.

విశాఖ తిరిగి వెళ్ళి కొత్త మేనేజరును కలిశాను. కనీసం అత్తయ్య పటమైనా ఇచ్చేయండి, ఏడాదిన్నర కూర్చుని ఆమె స్వయంగా గీసుకున్నది అన్నాను. ఆయన మర్యాదగానే విన్నాడు.

"ఆ పటంలోని ముక్కు ఆవిడది. గీతలన్నీ మనవి. గీతలు తీసేసి ఇవ్వలేం కదా."

"గీతలు తీసేస్తే ఏం మిగులుతుంది సార్?"

"అదే నేనూ చెప్పేది," అన్నాడు.

ఆ శుక్రవారం నేను చేయకూడని పని చేశాను. అత్తయ్య పటాన్ని ఒక పెన్ డ్రైవులో ఎక్కించుకుని గుంటూరు తీసుకెళ్ళాను. అత్తయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది.

"ఇందులో నా వాసనలన్నీ ఉన్నాయా?"

"ఉన్నాయి."

"పట్టీలో పెడితే పనిచేస్తుందా?"

"చెయ్యదు. సర్వరు ఉండాలి."

"మరెందుకు తెచ్చావే?"

"నీవి కాబట్టి."

అత్తయ్య నా తల నిమిరింది. ఆ తర్వాత దాన్ని నా సంచిలోనే వేసి జిప్పు లాగింది. "ఊరు మునిగిపోయాక ఊరి పటం దాచుకుని ఏం చేసుకోను? దీనికోసం నీ ఉద్యోగం పోతే, నీ మీద కేసు పెడితే, మా తమ్ముడి మొహం నేనెలా చూడను? వెళ్ళి ఎక్కడిది అక్కడ పెట్టు. ముందు అన్నం తిను."

పెట్టేశాను. అన్నం మాత్రం సహించలేదు.

దారి చూపించినది డాక్టర్ జకరయ్యగారు. మా ల్యాబులో నరాల సంగతి చూసే పెద్దాయన. కంపెనీ చేతులు మారినప్పుడు ఆయన్ను కూడా పంపేస్తున్నారు. తన బల్ల ఖాళీ చేసుకుంటూ నన్ను పిలిచారు.

"కుంటివాడికి కర్ర ఇస్తాం. కర్రతో రెండేళ్ళు నడిచాక కాలిలో కొంత బలం వచ్చి ఉండొచ్చు. కర్ర తియ్యకుండా అది తెలియదు. మీ అత్తయ్యకు రోజూ కొంచెం కొంచెం కరెంటు తగ్గించు. అదే సమయానికి అసలు వస్తువు ముక్కు దగ్గర పెట్టు. ఇక్కడ ఆరుగురి మీద చేసి చూశాను. ఇద్దరికి కొన్ని వాసనలు నిలిచాయి."

"నాలుగువందల పన్నెండూ చేయొచ్చా సార్?"

"ఇరవై రెండు రోజులే ఉన్నాయమ్మా. పది ఎంచుకోమను. పదిలో నాలుగు నిలిస్తే గొప్ప."

గుంటూరు వెళ్ళి ఆ మాట అత్తయ్యకు చెప్పడం ఉత్తరం సంగతి చెప్పడం కన్నా కష్టమైంది. ఆమె మాత్రం మెస్సు సరుకుల చీటీ రాసినట్టే కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంది. గ్యాసు. మాడు వాసన. విరిగిన పాలు. పాచిపోయిన అన్నం. ఇంగువ. కాగుతున్న నెయ్యి. ఇలా ఎనిమిది మెస్సుకోసమే రాసింది.

"నీకంటూ ఏదీ లేదా అత్తయ్యా?"

తొమ్మిదోది మల్లెపూలు రాసింది. పదోదాని దగ్గర పెన్ను ఆగింది. తలుపు వైపు చూసి, మామయ్య లేడని రూఢి చేసుకుని, 'డీజిలు' అని రాసింది.

"డీజిలా?"

"నెమ్మదిగా మాట్లాడవే. మీ మామయ్య ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ వాసనతోనే ఇంటికొచ్చేవారు. పక్కింటి గేటు దగ్గర ఉండగానే నాకు తెలిసేది. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి కంచం పెట్టేసేదాన్ని. కంచం పెట్టి ఉందేమిటి, నేనొస్తానని నీకెలా తెలుసు అని రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉన్నారు. చెప్పలేదు."

ఆయనకు చెప్పకుండా డీజిలు ఎక్కడి నుంచి తెస్తాం? చెప్పాల్సి వచ్చింది. మామయ్య మర్నాటి నుంచి రోజూ ఉదయం టిఫిన్లు కాగానే ఆమెను స్కూటరు మీద బస్టాండుకు తీసుకెళ్ళాడు. రేపల్లె బస్సు నడిపే మస్తాను ఆయన పాత స్నేహితుడు. బయల్దేరే టైముకు రెండు నిమిషాల ముందే ఇంజను స్టార్టు చేసి ఉంచేవాడు. నుదుటికి పట్టీ పెట్టుకుని, కళ్ళు మూసుకుని, బస్సు వెనక నిలబడిన అత్తయ్యను ప్రయాణికులు వింతగా చూసేవాళ్ళు.

"వచ్చిందా అక్కా?" అని మస్తాను కిటికీలోంచి తల బయటపెట్టి అడిగేవాడు.

"నిన్నటికంటే పల్చగా ఉంది తమ్ముడూ."

పల్చగానే ఉంటుంది. విశాఖలో కూర్చుని తగ్గిస్తున్నది నేనే.

ముప్పయ్యో రోజు సెలవు పెట్టి గుంటూరు వెళ్ళాను. మధ్యాహ్నం పన్నెండింటికి సర్వరు ఆగిపోతుంది. పదకొండున్నరకు ఇద్దరూ ఆఖరిసారి సుగంధిపురం వెళ్ళారు. ఆ రోజు ఏ దొంగనూ వెతకలేదు. సంబారాల వీధి, పూల అంగళ్ళు, నాటుపడవల రేవు అన్నీ తిరిగారు. ఒక్కో చోట అత్తయ్య ఆగి గాలి పీల్చేది. మామయ్య వీధి పేరు పైకి చదివేవాడు. మిఠాయి కొట్టు దగ్గరికి వచ్చాక అత్తయ్య ఆ బొమ్మ యజమానితో, "పోయొస్తాం బాబూ," అంది.

అతను ఎప్పుడూ అనే మాటే అన్నాడు. "మళ్ళీ రండి అమ్మగారూ! రేపు వేడివేడి జాంగ్రీలు!"

పన్నెండు కొట్టగానే తెర తెల్లబడింది. 'మీ అనుమతి ముగిసింది' అని మాత్రం ఉంది. అత్తయ్య పట్టీ తీసి, నుదుటి మీద దాని అచ్చును వేలితో రుద్దుకుంది. "పెట్టవే, చూద్దాం," అంది నాతో.

పది డబ్బాలు సిద్ధంగా ఉన్నాయి. కళ్ళకు గంతలు కట్టాను. మొదటిది గ్యాసులో వాసన కోసం కలిపే మందు చుక్క. మూత తియ్యగానే వెనక్కి జరిగి, "గ్యాసు," అంది. మామయ్య బల్ల మీద చేత్తో చరిచాడు. మాడు చెప్పింది. ఇంగువ చెప్పింది. పాచిపోయిన అన్నం దగ్గర తడబడింది కాని చెప్పింది. అక్కడితో సరి. నెయ్యి తెలియలేదు. కరివేపాకు తెలియలేదు. మల్లెపూలు ముక్కుకు ఆనించినా, "చల్లగా ఉంది," అంది అంతే.

చివరికి మామయ్య తనే డీజిల్లో తడిపిన గుడ్డ తెచ్చి దగ్గర పెట్టాడు. అత్తయ్య అన్నిటికంటే ఎక్కువసేపు దాని దగ్గర ఉంది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి పీల్చింది.

"ఇది... నీళ్ళా?"

నేను గంతలు విప్పాను. గుడ్డ చూడగానే అత్తయ్యకు అర్థమైంది. మామయ్య గుడ్డ మడిచి, "పోన్లే హైమా. నాలుగు వచ్చాయి. మెస్సుకి చాలు," అన్నాడు. పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. ఆ కడుక్కోవడం చాలాసేపు కడుక్కున్నాడు.

మెస్సు ఆగలేదు. తాలింపు ఎర్రబడిందా అని అత్తయ్య మళ్ళీ రంగు చూసుకోవడం మొదలుపెట్టింది. నర్సింగు అమ్మాయిలు వంతులు వేసుకుని సాంబారు వాసన చూసిపెట్టేవాళ్ళు. అత్తయ్యలాగే అన్ని వాసనలూ సాధించిన మిగిలిన పదహారుమందిలో కొందరికి నేను ఫోను చేశాను. నెల్లూరులో ఒక సంగీతం టీచరుగారికి ఒక్క వాసనా నిలవలేదు. "మీరు బాగానే చేశారమ్మా ఆట," అన్నారావిడ. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

సబ్బుల ప్రకటనలు నాకు చేతకాలేదు. ఉద్యోగం మానేసి, డాక్టర్ జకరయ్యగారు ఒక ఆసుపత్రిలో పెట్టిన చిన్న గదిలో చేరాను. అక్కడ సర్వరు లేదు. సీసాలు, దూది, ఓపిక ఉన్నాయి. అత్తయ్య కూడా ఇంట్లో రోజూ రెండు పూటలా అవే డబ్బాలు వాసన చూస్తూనే ఉంది. కొత్తగా ఏదీ రాలేదు.

మామయ్య వినియోగదారుల కోర్టులో కేసు వేశాడు. లాయరును పెట్టుకోలేదు. వాయిదా పడినప్పుడల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు చంకలో పెట్టుకుని వెళ్ళేవాడు. ఒకసారి న్యాయమూర్తి గారు, "ఇంతకీ మీరు కొన్నదేమిటండీ?" అని అడిగారట.

"అది తమరు చెబుతారనే వచ్చానండి," అన్నాడట మామయ్య.

ఆట ఆగిపోయిన తొమ్మిది నెలలకు, మే నెలలో, ఒక మధ్యాహ్నం నాకు ఫోను వచ్చింది. మామయ్య. గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"తనూ, పనిలో ఉన్నావా?"

"ఏమైంది మామయ్యా? అత్తయ్య బాగానే ఉందా?"

"ఉంది, ఉంది. కోర్టు నుంచి ఇప్పుడే వచ్చాను. మళ్ళీ వాయిదా వేశారు. బస్సులో నిలబడే వచ్చాను, ఎండ మండిపోతోంది. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో మీ అత్తయ్య ముక్కు మూసుకుని, అబ్బ, ముందు స్నానం చేసి రండి, చెమట కంపు కొడుతున్నారు అంది."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"చొక్కా తడిసింది చూసి అని ఉంటుందేమో మామయ్యా?"

"లేదమ్మా. అది వంటింట్లో అటు తిరిగి అప్పడాలు వేయిస్తోంది. నన్ను చూడనేలేదు. అనేసి మళ్ళీ అప్పడాల్లో పడిపోయింది. ఏమందో దానికే ఇంకా తెలియదు. నేను చప్పుడు చెయ్యకుండా పెరట్లోకొచ్చి నీకు ఫోను చేస్తున్నాను. ఇది మీ ఆటలోదేనా? అదేమైనా మళ్ళీ నడుస్తోందా?"

ఆ జాబితా నాకు ఇప్పటికీ కంఠస్థం. తడిసిన కుక్క ఉంది. కొత్త చెప్పులు, పాత ఇనప్పెట్టె ఉన్నాయి. మనిషి వాసన ఒక్కటి లేదు. పెడదామని నేనంటే జకరయ్యగారే వద్దన్నారు. ఎవరి మనిషి వాసన వాళ్ళకే తెలుస్తుంది, అది మనం చెయ్యలేం అన్నారు.

"లేదు మామయ్యా," అన్నాను. "మా దగ్గర అలాంటిది ఎప్పుడూ లేదు."

ఫోనులో కాకి అరుపు, అప్పడాల చప్పుడు వినిపిస్తున్నాయి. ఆ తర్వాత వంటింట్లోంచి అత్తయ్య గొంతు గట్టిగా వచ్చింది.

"ఇంకా వెళ్ళలేదా స్నానానికి? ఇక్కడిదాకా కొడుతోంది!"

"విన్నావా?" అన్నాడు మామయ్య. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. "విన్నావా తనూ? వెళ్ళను. సాయంత్రం దాకా స్నానం చెయ్యనని చెప్పు మీ అత్తయ్యకి."